బొమ్మ కట్టిన పాట

తాతమ్మ నోట విన్న పాట పిల్లల బొమ్మల పుస్తకం కావాలంటే మాటలు అచ్చేస్తే సరిపోదు. ఇంతకాలం గొంతు, చేతులు, ఒడి చేసిన పనంతా ఇక కాగితం చెయ్యాలి.

గుడుగుడు గుంచం ఆడే పిల్లల్ని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరి పిడికిలి మీద ఇంకొకరి పిడికిలి, దాని మీద మరొకరిది. చూస్తుండగానే గోపురం లేస్తుంది. పాటలో గుర్రాలొస్తాయి. ఒకటి అప్పడాలతో చేసింది, ఒకటి పెళ్ళికి పోయేది, ఇంకొకటి నీళ్ళకు పోయేది. అప్పడాలతో గుర్రమేంటని ఏ పిల్లా అడగదు. అడిగే తీరిక ఎక్కడుంది? తన పిడికిలి ఏ అంతస్తులో ఉందో, కిందవాళ్ళు ఎప్పుడు చెయ్యి లాగేస్తారో, మొత్తం ఎప్పుడు కూలుతుందో, ధ్యాసంతా అక్కడే.

ఇదే పాట బజార్లో దొరికే రైమ్స్ పుస్తకంలో ఎలా ఉంటుందో చూడండి. పైన నాలుగు లైన్లు, కింద ఒక గుర్రం. మెరిసే కాగితం, గులాబీ బుగ్గలు, పళ్ళికిలించే మొహం. నాలుగు పేజీలు తిప్పితే ఇంకో పాట కింద ఇదే గుర్రం అటు తిరిగి నిలబడి ఉన్నా ఆశ్చర్యం లేదు. పిడికిళ్ళు లేవు, గోపురం లేదు. ఆట తెలిసిన పెద్దవాళ్ళు పక్కన లేకపోతే ఆ నాలుగు లైన్లతో ఏం చెయ్యాలో పిల్లలకు తెలిసే దారే లేదు.

పిల్లల పాటలో మాటల వాటా తక్కువ. చరణం ఎక్కడ ఆపితే పిల్ల నవ్వుతుందో అమ్మమ్మకు తెలుసు. ఎక్కడ చక్కిలిగింత పెట్టాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. అచ్చులోకి ఇవేవీ రావు, మాటలొక్కటే వస్తాయి. మిగతాదంతా బొమ్మ భర్తీ చెయ్యాలి. చిలక అన్న మాట కింద చిలకను గీస్తే ఉన్నదాన్నే రెండోసారి చెప్పినట్టవుతుంది, పోయినదేదీ తిరిగి రాదు. ఈ సంగతి పట్టుకున్నవాళ్ళే మంచి పుస్తకాలు చేశారు. పట్టుకోనివాళ్ళవి పుస్తకాల ఎగ్జిబిషన్లలో యాభై రూపాయల గుట్టలో పడి ఉంటాయి.

చెంచాకు ఏమైంది?

ఈ కిటుకు మొదట పట్టుకున్నవాడు రాండాల్ఫ్ కాల్డెకాట్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. 1846లో పుట్టాడు. మొదట్లో బ్యాంకు గుమాస్తా. 1878 నుంచి ఎడ్మండ్ ఇవాన్స్ అనే రంగుల ముద్రాపకుడితో కలిసి ఏటా క్రిస్మస్‌కు రెండేసి పలచటి పుస్తకాలు తెచ్చాడు. వాటిలో ఎక్కువ భాగం అప్పటికే ఇంగ్లండులో ప్రతి ఇంట్లో తిరుగుతున్న పాటలూ పద్యాలే. కొత్తగా రాసింది ఏమీ లేదు.

వాటిలో ఒకటి పిల్లి ఫిడేలు వాయించే పాట. చంద్రుడి మీదుగా ఆవు దూకుతుంది. చివరికి గిన్నె చెంచాతో లేచిపోతుంది. పాట అక్కడితో అయిపోతుంది. తరతరాలుగా పిల్లలు అక్కడ నవ్వి ఊరుకున్నారు. కాల్డెకాట్ 1882లో ఈ పాటను పుస్తకం చేస్తూ ఇంకో బొమ్మ గీశాడు. గిన్నె ముక్కలై కింద పడి ఉంటుంది. చెంచాను ఫోర్కూ చాకూ అటూ ఇటూ పట్టుకుని ఇంటికి నడిపించుకుపోతుంటాయి, పారిపోయిన పిల్లను అమ్మానాన్నలు లాక్కుపోతున్నట్టు. పాటలో దీని ఊసే లేదు. పాటలో ఒక్క అక్షరం మార్చకుండా ఆయన దాని కింద మరో కథ నడిపాడు. పెద్దవాళ్ళు మాటలు చదువుతుంటే పిల్లలు బొమ్మలో వేరే సంగతి చదువుకుంటారు. ఇద్దరికీ చేతినిండా పని. అమెరికాలో 1938 నుంచి పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే పెద్ద పతకం ఆయన పేరు మీదే ఉంది.

నలుపు తెలుపుల్లో నడక, రంగుల్లో అడుగు

పాటలోని ఆటను పుస్తకం ఎలా ఆడగలదో చూడాలంటే 'బేర్ హంట్' అని అందరూ పిలుచుకునే పుస్తకాన్ని చేతిలోకి తీసుకోవాలి. 1989లో వాకర్ బుక్స్ వేసింది. మైకేల్ రోజెన్ మాటలు, హెలెన్ ఆక్సెన్‌బరీ బొమ్మలు. అసలిది అమెరికాలో పిల్లల శిబిరాల్లో అరుచుకుంటూ ఆడే పాట. నడిపించేవాళ్ళు ఒక ముక్క అంటే పిల్లలు అదే తిరిగి అంటారు, చేతులతో తొడల మీద అడుగుల చప్పుడు చేస్తారు. ఎలుగుబంటిని వెతుక్కుంటూ గడ్డిలోంచి, ఏటిలోంచి, బురదలోంచి పోవాలి. పక్కనుంచి తప్పుకుపోయే దారుండదు. రోజెన్ దీన్ని సభల్లో ఆడి పాడేవాడు. అది చూసిన సంపాదకుడు డేవిడ్ లాయిడ్ పుస్తకం చేద్దామన్నాడు.

ఇప్పుడు పేజీలు తిప్పండి. అడ్డంకి ఎదురైనప్పుడు, ఎలా దాటాలా అని అందరూ నిలబడినప్పుడు బొమ్మ నలుపు తెలుపుల్లో ఉంటుంది. అందులోకి దిగగానే నీటిరంగులు పేజీ అంచులదాకా పరుచుకుంటాయి. గడ్డి చప్పుడు, నీటి చప్పుడు, బురద చప్పుడు తెలిపే మాటలు ఒకదాని కింద ఒకటి, పోనుపోను పెద్ద అక్షరాల్లో ఉంటాయి. గొంతు పెంచమని చదివేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు, అచ్చే చెబుతుంది. ఇక ఎలుగుబంటి కనబడ్డాక అందరూ వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాలి. శిబిరంలో అయితే పాట ఊపిరాడనంత వేగం అందుకునే చోటు అది. ఆక్సెన్‌బరీ అక్కడ పెద్ద బొమ్మలు ఆపేసి, చిన్న చిన్న గళ్ళల్లో పేజీ నిండా కుక్కేసింది. కన్ను గడి నుంచి గడికి పరిగెత్తుతుంది.

చాలామంది పాఠకులు ఆ గుంపులో పెద్దవాణ్ణి తండ్రి అనుకుంటారు. తాను పెద్దన్నగా గీశానని ఆక్సెన్‌బరీ చెప్పుకుంది. పిల్లలందరూ ఇంట్లోకొచ్చి దుప్పటి కప్పుకున్నాక పుస్తకం అయిపోయిందనుకుంటాం. చివరి అట్ట లోపలివైపు చూస్తే, వెన్నెల్లో సముద్రపుటొడ్డున ఎలుగుబంటి ఒక్కటే భుజాలు వేలాడేసుకుని తిరిగిపోతుంటుంది. అది తరిమిందా, ఆడుకోవడానికి వచ్చిందా? పాటకు ఈ ప్రశ్న తట్టలేదు. పిల్లలు మాత్రం అడుగుతారు.

ఇంకో పద్ధతి సిమ్స్ టాబక్ అనే చిత్రకారుడిది. యిడ్డిష్ మాట్లాడే యూదుల ఇళ్ళలో ఒక పాట ఉంది. ఒకాయన కోటు పాతబడితే దాన్ని కత్తిరించి చిన్న కోటు చేసుకుంటాడు, అది చిరిగితే ఇంకా చిన్నది, అలా గుండీ దాకా వస్తుంది. టాబక్ దీన్ని 1977లో ఒకసారి పుస్తకం చేశాడు. తృప్తి లేక 1999లో మళ్ళీ మొదట్నుంచి చేశాడు. రెండోసారి కాగితానికి కంతలు పెట్టాడు. ఈ పేజీలో కోటుగా కనబడిన రంగు, పేజీ తిప్పగానే కంత ఆకారాన్ని బట్టి ఇంకోటవుతుంది. కత్తెర పని పాఠకుడి వేళ్ళే చేస్తాయి. చివరికి గుండీ కూడా పోతే ఆ కోటాయన, పుస్తకంలో పేరు జోసెఫ్, దాని మీద పుస్తకం రాసుకుంటాడు, అదే మన చేతిలో ఉన్నదన్నమాట. 2000లో దానికి కాల్డెకాట్ పతకం వచ్చింది. రెండు దశాబ్దాల తర్వాత సొంత పుస్తకాన్నే విప్పి కుట్టుకున్న ఆ ఓపిక నాకు పతకం కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

పటం చుట్ట విప్పితే

ఇదంతా చదివి, ఇవి తెల్లవాళ్ళ విద్యలు, మనకెక్కడివి అనుకుంటే పొరపాటు. పాటనూ బొమ్మనూ పక్కపక్కన నడిపించడం మన దగ్గర వృత్తి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల రంగు మీద పటాలు రాస్తారు. చుట్ట విప్పితే పదుల అడుగులు. పద్మశాలీల కోసం కూనపులివాళ్ళు, ముదిరాజుల కోసం కాకిపడగలవాళ్ళు ఆ పటం నిలబెట్టి, ఒక్కో గడినీ చూపిస్తూ రాత్రంతా కథ పాడేవారు. పాట ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ తొందరపడాలో ఆ గడుల వరుస చెప్పేది. ఇప్పుడు చేర్యాల బొమ్మ గోడకు వేలాడే ఫ్రేమైంది, కీచైనైంది. పాడేవాళ్ళకూ గీసేవాళ్ళకూ మధ్య పని దాదాపు తెగిపోయింది.

బెంగాల్‌లోనూ ఇలాంటివాళ్ళే ఉన్నారు, పటువాలు. మేదినీపూర్ వైపు పటచిత్రాలు చూపిస్తూ పాడే కుటుంబాలు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక దాని మీద పాట కట్టి పటం రాశారు. చెన్నైలోని తారా బుక్స్ దాన్ని 2009లో పుస్తకం చేసింది. గీసినవారు జయదేవ్, మొయినా చిత్రకార్. చేతితో స్క్రీన్ ప్రింట్ చేసిన మడతల పుస్తకం అది. మామూలు పుస్తకంలా పేజీ పేజీ చూడొచ్చు, విప్పేస్తే మళ్ళీ పటమైపోతుంది. అల ఎక్కడా తెగకుండా పైనుంచి కిందిదాకా పారుతుంది. దాన్ని పేజీలుగా కోసి కుట్టి ఉంటే అల చచ్చిపోయేది. పాట ఏ రూపంలో బతికిందో చూసి పుస్తకం రూపం తేల్చుకోవాలన్న మాటకు మన దేశంలో ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

తెలుగులో పాటలకు కొదవ లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి 'బాలభాష' కూర్చారు. నేదునూరి గంగాధరం ఊళ్ళు తిరిగి ఏరిన జానపదాలు సంపుటాలయ్యాయి. బిరుదురాజు రామరాజు 1950ల్లోనే ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేశారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల గొంతులనే మైకు ముందుకు తెచ్చారు. ఏరిన పెద్దలు మాటలు భద్రం చేశారు. చేతులేం చేశాయో, పిల్ల ఎక్కడ కూర్చుందో, పాట ఏ పనిలో ఉండగా పాడారో చాలాచోట్ల రాయలేదు. అప్పుడు రాయాల్సిన అవసరం కనబడలేదు, ఎందుకంటే ఇంటింటా ఆడుతూనే ఉన్నారు. బొమ్మల పుస్తకం చెయ్యబోయేవాళ్ళకు ఇప్పుడు కావలసింది సరిగ్గా ఆ రాయని భాగమే.

నిలువు పుస్తకం, గుండ్రటి పుస్తకం

మళ్ళీ పిడికిళ్ళ దగ్గరికి వద్దాం. ఆ పాట అడ్డంగా నడవదు, పైకి లేస్తుంది. అలాంటప్పుడు పుస్తకాన్ని గోడ క్యాలెండరులా పైకి తిప్పేలా కుడితే? మొదటి పేజీలో కింద ఒక్క పిడికిలి, పైనంతా ఖాళీ. తిప్పినకొద్దీ గోపురం పెరుగుతుంది. గుర్రాలు ఆ గోపురం చుట్టూ ఎక్కుతుంటాయి. అప్పడాల గుర్రానికి ఒక చెవి ఎవరో కొరికేసి ఉంటుంది, పెళ్ళికి పోయేదాని నుదుట బాసికం కడితే ఎవరొద్దంటారు? చివరి పేజీలో అన్నీ కుప్పకూలతాయి. దీనికి అదనపు ఖర్చు కూడా లేదు, పిన్ను కొట్టే వైపు మారిస్తే చాలు. ప్రెస్సులో షీటు మడిస్తే పదహారు పేజీల ఫారం, రెండు ఫారాలు ముప్ఫై రెండు. పేరు పేజీ, వివరాల పేజీ లాంటివి పోగా పద్నాలుగు జంట పేజీలు మిగులుతాయి. పాట చిన్నదైతే అవే ఎక్కువ. మాటలు లేని పేజీలకు భయపడకూడదు.

కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఒక్కో కాలూ తాకుతూ లెక్కపెట్టే ఆట ఉంది కదా, చివరి మాట ఎవరి కాలి మీద పడితే వాళ్ళు కాలు ముడుచుకోవాలి. దానికి పేజీలు ఒకదానికంటే ఒకటి పొట్టిగా కోస్తే తిప్పినకొద్దీ ఒక కాలు మాయమవుతుంది.

బతుకమ్మ పాటల సంగతి వేరు. ఒకరు చెబితే అందరూ అందుకుంటారు, చప్పట్లు చరుస్తూ, వంగి లేస్తూ చుట్టూ తిరుగుతారు. అందులో పల్లవి మాట ప్రతి పాదం చివరా వస్తుంది. సంకలనాల్లో ఆ మాటను మొదటి రెండు పాదాలకు అచ్చేసి తరువాత చుక్కలు పెడతారు. పండితులకది చాలు. పిల్లలకు పల్లవే పాట, వాళ్ళు నోరు కలిపేది అక్కడే. దాన్ని ప్రతి పేజీలోనూ ఉంచాలి, అదీ పెద్ద అక్షరాల్లో. మడతల పుస్తకం చేసి రెండు కొసలూ కలిపితే నేల మీద గుండ్రంగా నిలబడుతుంది. మధ్యలో పిల్లలు నిజం పూలే పెట్టుకోవచ్చు. ఇది చౌక పని కాదు, చేత్తో మడవాలి, అతకాలి. స్వయం సహాయక సంఘాలకు పనవుతుందేమో ఎవరైనా లెక్క వేసి చూడాలి.

బొమ్మ గీసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. పాటకు ఊరూ పేరూ ఉండవు, బొమ్మకు తప్పవు. జోలపాటలో ఉయ్యాల అని వినగానే ఎవరింటి ఉయ్యాల వాళ్ళ కళ్ళ ముందుకొస్తుంది. చిత్రకారుడు మాత్రం ఒకటే గీయగలడు. చెక్కిన కొయ్య తొట్టె గీస్తాడా, నాట్లకు పోయిన తల్లి గట్టు మీద చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల గీస్తాడా? మన పుస్తకాల్లో పదింట తొమ్మిదిసార్లు మొదటిదే కనబడుతుంది. 2008లో అన్వేషి సంస్థ తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పిల్లల పుస్తకాలు, గోగు శ్యామల వంటివారి రచనలతో, ఈ అలవాటును గట్టిగానే ప్రశ్నించాయి. అవి కథలు. పాటల పుస్తకాల దాకా ఆ గాలి ఇంకా రాలేదు. బతుకమ్మలో తంగేడు, రంగులద్దిన గునుగు లేకుండా బంతిపూలు ఒక్కటే పేర్చిన బొమ్మలు ఎన్ని చూడలేదు! గీసినవాళ్ళు ఆ పూలు కోయడానికి పోయి ఉండరు.

మాటల విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం. పాడినట్టే అచ్చెయ్యాలి. బడి పుస్తకం భాషలోకి సరిదిద్దితే లయ కుంటుతుంది, మాత్రలు తప్పుతాయి. ఊపిరి ఆగేచోట లైను ఆగాలి, కాగితం అంచు వచ్చిందని కాదు. తల్లి కొట్టిందనో, బూచి వస్తుందనో, ఈగను మింగిన ముసలమ్మ చచ్చిపోయిందనో పాటలో ఉంటే సంపాదకులు కత్తెర తీస్తారు. ఇంగ్లీషు పాటలోని ఆ ముసలమ్మను టాబక్ 1997లో కడుపుకు కంత పెట్టి మరీ గీశాడు, చావును దాచలేదు. పిల్లలు బెదిరిపోలేదు. అయితే కులం పేరుతో ఎవరినో ఎగతాళి చేసే చరణాలున్నాయి, వాటిని పిల్లల చేతికివ్వనక్కర్లేదు. సంప్రదాయం అన్న పేరుతో వాటిని వెనకేసుకొచ్చేవాళ్ళతో నాకు పేచీ.

ఎవరి పాట?

జానపదానికి కర్త లేడు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చన్నది చట్టం మాట. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం ఒక తెలంగాణ జానపదాన్ని తిరగరాసినప్పుడు, దాన్ని ముందుగా వెలుగులోకి తెచ్చిన గాయనికి దక్కాల్సిన గుర్తింపు మీద పెద్ద చర్చే నడిచింది. పుస్తకాలకూ ఆ ప్రశ్న తప్పదు. రోజెన్ పుస్తకం అట్ట మీద 'తిరగ చెప్పినది' అనే ఉంటుంది, రచన అని కాదు. మన పుస్తకాల మీద రచన అనో, ఏమీ లేకుండానో ఉంటుంది. పాడి వినిపించినావిడ పేరు, ఊరు, ఆవిడ ఒప్పుకుంటే, చిత్రకారుడి పేరంత పెద్దగా పడాలి. రాయల్టీలోనూ వాటా ఉండాలి. వెయ్యి కాపీలు అమ్ముడయ్యే పుస్తకంలో అదెంత వస్తుందని నవ్వొచ్చు. ఎంత తక్కువైనా ఖాతాలో పడాలి.

బాణీ ఎలా? జాన్ లాంగ్‌స్టాఫ్ అనే ఆయన ఇంగ్లీషు జానపదమైన కప్ప పెళ్ళి పాటను 1955లో రోజన్‌కోవ్‌స్కీ బొమ్మలతో పుస్తకం చేసినప్పుడు చివర స్వరాలు అచ్చేశాడు. ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంది, ఫోను పెడితే పాట వస్తుంది. అమెరికాలో డాలస్‌లోనో బే ఏరియాలోనో తెలుగు నేర్చుకోవడానికి మనబడికి వెళ్ళే పిల్లలకు, వాళ్ళకు చదివి వినిపించే అమ్మానాన్నలకు అది నిజంగా పనికొస్తుంది. స్టూడియోలో కీబోర్డు, తబలా కలిపి గాయనితో పాడించకుండా, పాట ఇచ్చినావిడ గొంతునే ఉంచాలి. వెనక కోడి కూసినా ఫర్వాలేదు.

ఆ కప్ప పాట ప్రస్తావన 1549 నాటి స్కాట్లండు పుస్తకంలోనే ఉంది. చాలా పాఠాల్లో కప్పను బాతో పామో మింగేస్తుంది. లాంగ్‌స్టాఫ్ తనకు దొరికిన పాఠాల్లోంచి ఏరి ఒకటి కూర్చుకున్నాడు. మనకూ అంతే, గోదావరి వైపు గుర్రం ఒకచోటికి పోతే నల్గొండ వైపు ఇంకోచోటికి పోతుంది. పుస్తకం డమ్మీ చేసి నాలుగేళ్ళ పిల్లల మధ్య చదివితే పేజీ ఎక్కడ తిప్పాలో తేలిపోతుంది, వాళ్ళ మామ్మల మధ్య చదివితే గొడవ మొదలవుతుంది. "మా ఊళ్ళో అట్లా అనం" అని ఒకరు, "ఆ ముక్క ముందొస్తుంది" అని ఇంకొకరు. ఏదో ఒక పాఠాన్ని సంపాదకులు ఖాయం చెయ్యక తప్పదు. కాకపోతే ముప్ఫై రెండులో ఒక పేజీ గీతలు కొట్టి ఖాళీగా వదిలెయ్యొచ్చు, పైన 'మా ఇంట్లో ఇలా పాడతాం' అని రాసి, కింద ఒక పెన్సిలు బొమ్మ వేసి.